ప్రాణాలు నిలిపే డ్రైవింగ్: శిక్షణ నుంచి అలవాటు దాకా సమగ్ర మార్గదర్శి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వారి మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. మృతుల్లో సగానికి పైగా నడిచి వెళ్లేవారు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు. అంటే వాహనం నడిపే వ్యక్తి అలవాట్లు అతని ప్రాణాన్నే కాక, చుట్టూ ఇనుప కవచం లేకుండా రోడ్డు మీదికి వచ్చినవారి ప్రాణాలను కూడా శాసిస్తున్నాయి. రోడ్ల నిర్మాణం, వాహనాల నాణ్యత, చట్టాల అమలు ఈ మరణాలను తగ్గించగలవన్నది నిజమే గాని, ఈ మార్గదర్శి డ్రైవరు చేతిలో ఉన్నదానికే పరిమితమవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు, ఇంట్లోవారికి నేర్పేవారు, ఏళ్ల తరబడి నడుపుతున్నవారు, డ్రైవర్లను నియమించుకునే సంస్థలు తమకు అవసరమైన మెట్టు దగ్గర నుంచి దీన్ని మొదలుపెట్టవచ్చు.

1. ఎలాంటి శిక్షణ ఎంచుకోవాలి

నైపుణ్యం పెరిగితే ప్రమాదాలు తగ్గుతాయని అందరూ అనుకుంటారు. ఆధారాలు మాత్రం ఆ మాటను పూర్తిగా సమర్థించవు. నార్వేలో జారే రోడ్లపై వాహనాన్ని అదుపు చేసే శిక్షణను తప్పనిసరి చేసిన తర్వాత, యువకులకు అలాంటి రోడ్లపైనే ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్లు అధ్యయనంలో తేలింది. లైసెన్సు పొందినవారికి మళ్లీ ఇచ్చే తరగతులపై జరిగిన ప్రయోగాలను వైద్య, ఆరోగ్య అధ్యయనాలను క్రోడీకరించి సమీక్షించే కొక్రేన్ సంస్థ పరిశోధకులు 2003లో పరిశీలించినప్పుడు, వాటివల్ల ప్రమాదాలు గాని గాయాలు గాని తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: అలాంటి శిక్షణలో నైపుణ్యం కొంచెం పెరుగుతుంది, తన మీద తనకు నమ్మకం అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది, ఆ మిగులు నమ్మకం వేగంగా మారుతుంది.

కాబట్టి శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న, జారిన బండిని ఎంత గొప్పగా నిలబెట్టడం నేర్పుతారన్నది కాదు. బండి జారే పరిస్థితిని ముందే పసిగట్టి, దాని జోలికి పోకుండా ఉండటం ఎలా నేర్పుతారన్నది. క్లచ్, గేరు, స్టీరింగ్ మీద పట్టు కొన్ని వారాల్లో వస్తుంది. ఎదుటివాడు తప్పు చేసినా సర్దుకోవడానికి సరిపడా దూరాన్ని, సమయాన్ని చుట్టూ ఉంచుకోవడం మాత్రం ఎవరైనా పనిగట్టుకుని నేర్పితే తప్ప రాదు. నా దృష్టిలో సురక్షితమైన డ్రైవరు అంటే ఈ వెసులుబాటును ఎప్పుడూ ఖర్చు చేసుకోని మనిషే. కింది మెట్లన్నీ దాన్ని కాపాడుకునే మార్గాలే.

అదుపు నైపుణ్యాల్లో ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. అత్యవసర బ్రేకును ఖాళీ మైదానంలో తక్కువ వేగంలో సాధన చేయడం అందరికీ అవసరం, ఎందుకంటే చాలామంది నిజంగా అవసరమైన క్షణంలో పెడల్‌ను సగమే తొక్కుతారు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో పెడల్‌ను పూర్తి బలంతో తొక్కి, అది కాలి కింద దడదడలాడినా వదలకుండా, చూపును తప్పించుకుపోగల ఖాళీ వైపు నిలిపి స్టీరింగ్ తిప్పాలి. మోటారు సైకిల్‌కు ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకు నుంచే వస్తుంది గనుక, వెనుక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకునే అలవాటును సాధనతో పోగొట్టుకోవాలి.

2. ఒంటరిగా పంపే ముందు ఎక్కువ గంటలు, ఎక్కువ రకాల పరిస్థితులు

స్వీడన్ 1993లో ఒక ఉపయోగకరమైన మార్పు చేసింది. లైసెన్సు వయసును 18 ఏళ్ల దగ్గరే ఉంచి, పెద్దల పక్కన కూర్చుని సాధన మొదలుపెట్టే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించింది. ముందుగా మొదలుపెట్టినవారికి లైసెన్సు చేతికి వచ్చేసరికి సుమారు 120 గంటల అనుభవం చేకూరింది. తర్వాతి కాలంలో వారి ప్రమాదాల రేటు చెప్పుకోదగినంత తగ్గింది. న్యూజీలాండ్ 1987లోనే ఇంకో దారి పట్టి, కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణాలపైనా, తోటి ప్రయాణికులపైనా పరిమితులు పెట్టి, వాటిని దశలవారీగా సడలించే లైసెన్సు విధానాన్ని తెచ్చింది. చట్టం అడిగినా అడగకపోయినా, ఈ రెండు పద్ధతులనూ కలిపి ఒక కుటుంబం తనంతట తాను పాటించవచ్చు.

నేర్చుకునేవారికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, నడిపిన గంటలతో పాటు పరిస్థితులను కూడా రాయించండి. మొదట ఖాళీ స్థలం, తర్వాత పగటిపూట పలచని రోడ్లు, ఆ తర్వాత రద్దీ, చీకటి, వాన, చివరగా అతివేగ రహదారి: ఈ వరుసలో ఒక పరిస్థితి ఒంటబట్టాకే తర్వాతిదానికి వెళ్లాలి. ఎండలో ఎంత సాధన చేసినా వాన రాత్రికి అది పూర్తిగా పనికిరాదు. నేర్పేవారు సూచనలను చివరి క్షణంలో అరిచి చెప్పకుండా, కూడలికి చాలా ముందే నెమ్మదిగా చెప్పాలి. తప్పు జరిగినప్పుడు అక్కడే వాదించకుండా, బండిని సురక్షితమైన చోట ఆపించి మాట్లాడాలి.

పక్కన పెద్దలు లేకుండా నడిపే తొలి నెలలే అన్నిటికన్నా ప్రమాదకరం. కొత్త డ్రైవరు పక్కన ఈడు స్నేహితులు కూర్చుంటే ముప్పు పెరుగుతుంది, తల్లిదండ్రులు కూర్చుంటే తగ్గుతుంది. అందుచేత తొలి ఏడాదిలో స్నేహితులను ఎక్కించుకోవడం, అర్ధరాత్రి నడపడం ఉండకూడదని తాళం చేతికివ్వడానికి ముందే ఒప్పందం చేసుకోవడం మంచిది. కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది, ఎందుకంటే స్నేహితుల ముందు "ఇంట్లో ఒప్పుకోరు" అనే సాకు ఒక పదిహేడేళ్ల కుర్రవాడికి నిజంగానే అక్కరకు వస్తుంది.

3. వేగాన్ని లెక్కతో అర్థం చేసుకోవడం

సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత నిష్పత్తి ఎలా వస్తుందో గ్రహించాలంటే కాస్త గణితం చేయాలి. శిక్షణ తరగతిలో ఒక పూట దీనికే కేటాయించినా వృథా కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డంకిని చూసి, అది ప్రమాదమని గుర్తించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సుమారు ఒకటిన్నర సెకను గడుస్తుంది. అప్పటికి బండి 25 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే బ్రేకు పడ్డాక ఆగడానికి మరో 20 మీటర్లు పడుతుంది. మొత్తం 45 మీటర్లు. ఇదే లెక్కన 80 వేగంలో దాదాపు 69 మీటర్లు, 100 వేగంలో దాదాపు 97 మీటర్లు కావాలి. స్పందించే లోపు సాగే దూరం వేగంతో సమానంగా పెరుగుతుంది గాని, బ్రేకు దూరం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది.

ఇప్పుడు రెండు కార్లను పక్కపక్కన ఊహించండి. ఒకటి 50 వేగంలో, మరొకటి 60 వేగంలో వెళ్తుండగా, 35 మీటర్ల ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూసి, ఒకే తీరున బ్రేకు వేశారు. మొదటి కారు పిల్లవాడి ముందు ఆగిపోతుంది. రెండోది అదే చోటికి చేరేసరికి ఇంకా గంటకు 40 కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది. కేవలం 10 కిలోమీటర్ల తేడా అనిపించినది తాకిడి దగ్గరికి వచ్చేసరికి సున్నాకూ నలభైకీ మధ్య తేడా అయింది. 50 నుంచి 65కు వేగం పెరిగితే, కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే అవకాశం 4.5 రెట్లు పెరుగుతుందన్న అంచనాకు మూలం కూడా ఈ భౌతిక సూత్రమే.

ఇంత మూల్యానికి దొరికే లాభం ఎంతో కూడా చూడాలి. 20 కిలోమీటర్ల దారిని 60 వేగంలో 20 నిమిషాల్లో, 70 వేగంలో 17 నిమిషాలకు కాస్త ఎక్కువలో దాటవచ్చు. సిగ్నళ్లు, మలుపులు కలిస్తే ఆ మూడు నిమిషాలు కూడా మిగలవు. తమ రోజువారీ దారిలో ఒక వారం వేగపరిమితి లోపల నడిపి, మరో వారం మామూలుగా నడిపి, చేరిన సమయాలు రాసుకుని పోల్చుకుంటే, ఎవరు చెప్పినా మారని డ్రైవర్లలోనూ కొందరు ఆ అంకెలు చూసి మారతారు.

రాత్రిపూట ఈ లెక్క మరింత కఠినమవుతుంది. హెడ్‌లైట్లు లో బీమ్‌లో ఉన్నప్పుడు ముదురు రంగు బట్టలు వేసుకుని నడిచే మనిషి తరచుగా 50 మీటర్ల లోపు వస్తే గాని కనిపించడు. ఆగడానికి దాదాపు 69 మీటర్లు కావలసిన 80 వేగంలో వెళ్లే డ్రైవరు, ఆ మనిషి కనిపించే సమయానికే తప్పించుకునే అవకాశాన్ని కోల్పోయి ఉంటాడు. వెలుగు ఎంత దూరం పడుతోందో అంత లోపల ఆగగల వేగమే రాత్రి వేగం. ఎదురుగా వాహనం లేనప్పుడు హైబీమ్ వాడి, ఎవరైనా వస్తే వెంటనే తగ్గించాలి. ఎదుటివారి వెలుగు కళ్లలో పడితే చూపును రోడ్డు అంచు గీత మీదికి మళ్లించి వేగం తగ్గించాలి.

4. ముందు వాహనానికి మూడు సెకన్లు

దూరాన్ని మీటర్లలో అంచనా వేయడం నడుస్తున్న బండిలో ఎవరికీ చేతకాదు, కాబట్టి సెకన్లలో కొలవండి. ముందు వాహనం ఒక స్తంభాన్ని దాటగానే లెక్క మొదలుపెట్టి, మీరు అదే స్తంభాన్ని చేరేలోపు కనీసం మూడు సెకన్లు గడవాలి. వానలో దాన్ని రెట్టింపు చేయాలి. ఆ ఖాళీలోకి ఇంకెవరో దూరితే చిరాకు పడకుండా మళ్లీ వెనక్కి తగ్గాలి. దానివల్ల పోయేది రెండు మూడు సెకన్లే. వెనుక నుంచి ఎవరైనా అంటుకుని వస్తుంటే వేగం పెంచకూడదు, ముందున్న ఖాళీని ఇంకా పెంచుకోవాలి. అప్పుడు మీరు హఠాత్తుగా బ్రేకు వేయవలసిన అవసరం తగ్గి, వెనుకవాడి తప్పు మీ మీదికి రాకుండా ఉంటుంది.

5. చూడటం నేర్చుకోవడం

కొత్త డ్రైవరు చూపు బానెట్‌కు కొద్ది దూరంలో, దాదాపు ఒకే చోట నిలిచిపోతుంది. అనుభవజ్ఞుడి చూపు దూరానికి, పక్కలకు, అద్దాలకు తిరుగుతూ ఉంటుంది. ఈ తేడాను పరీక్షించవచ్చు, నేర్పవచ్చు కూడా. బ్రిటన్ 2002 నవంబరు నుంచి లైసెన్సు పరీక్షలో వీడియోలు చూపించి, ముంచుకొస్తున్న ప్రమాదాన్ని అభ్యర్థి ఎంత త్వరగా గుర్తిస్తాడో కొలుస్తోంది.

ఇంట్లో సాధన చేయదగిన పద్ధతి ఒకటుంది: నడుపుతూ కనిపించినదాన్నీ, దానివల్ల రాబోయేదాన్నీ బయటికి చెప్పడం. "ఆగిన బస్సు ఉంది, దాని ముందు నుంచి ఎవరైనా దాటవచ్చు, వేగం తగ్గిస్తున్నాను. ఆ కారు ముందు చక్రం తిరుగుతోంది, బయటికి రావచ్చు. బంతి దొర్లింది, వెనకే పిల్లవాడు ఉంటాడు." మొదట మాటలు చూపును అందుకోలేవు, తడబాటు వస్తుంది. పలచని రోడ్ల మీద రోజుకు పది నిమిషాలు చేస్తే కొన్నాళ్లకు మాట ఆగిపోయినా ఆలోచన సాగుతుంది. స్టీరింగ్ ముట్టుకోకముందు పక్క సీట్లో కూర్చుని కూడా ఈ సాధన మొదలుపెట్టవచ్చు.

కూడళ్ల దగ్గర ఇంకొంత జాగ్రత్త కావాలి. కారు ముందు అద్దానికి రెండు పక్కల ఉండే స్తంభాల వెనుక ఒక మోటారు సైకిల్ మొత్తం దాక్కోగలదు. తల కాస్త ముందుకీ పక్కకీ కదిపి, ఒకసారి చూసిన వైపే మళ్లీ చూసి గాని కదలకూడదు. చిన్న వాహనం దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్లు కన్ను భ్రమపడుతుంది కాబట్టి, మోటారు సైకిల్ వస్తున్నప్పుడు మనకు సరిపోతుందనిపించిన ఖాళీని నమ్మకపోవడమే మేలు. మోటారు సైకిల్ నడిపేవారు కూడా ఎదుటి డ్రైవరు తమ వైపు చూసినంత మాత్రాన తమను గమనించాడని అనుకోకూడదు. లారీలు, బస్సులు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలి దారిలో వస్తాయి. ఆ లోపలి వైపు సందులోకి దూరిన సైకిలూ, మోటారు సైకిలూ వాటి కింద పడతాయి. పెద్ద వాహనం అద్దంలో దాని డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరు అతనికి కనిపించడం లేదన్నమాటే. ఆగిన కారు తలుపును, తలుపుకు దూరంగా ఉన్న చేతితో తెరిస్తే శరీరం దానంతటదే వెనక్కి తిరిగి, వస్తున్న సైకిల్ కంటపడుతుంది.

6. ఫోను

నడుపుతూ ఫోను వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. చేతులు ఖాళీగా ఉంచే పరికరాలు ఈ ముప్పును పెద్దగా తగ్గించవు, ఎందుకంటే సంభాషణలో మునిగిన మెదడు కళ్ల ముందున్నదాన్ని కూడా నమోదు చేసుకోదు. పక్కన కూర్చున్న మనిషి రద్దీ చూసి మాట ఆపుతాడు, ఫోనులో ఉన్న మనిషికి రద్దీ కనిపించదు. 80 వేగంలో ఒక సందేశం మీద ఐదు సెకన్లు చూపు నిలిపితే, 110 మీటర్లకు పైగా చూడకుండా నడిపినట్లే. దీనికి నిగ్రహం కన్నా ఏర్పాటు ముఖ్యం: బయల్దేరే ముందే దారి పెట్టుకుని, సందేశాలకు తనంతట తానే జవాబిచ్చే అమరిక తెరిచి, ఫోనును చేతికి అందని చోట పెట్టాలి. ఇంట్లోవారు డ్రైవింగ్‌లో ఉన్నారని తెలిసీ వారికి ఫోను చేసే మనం కూడా ఇందులో భాగస్వాములమే.

7. నిద్ర, మద్యం, మందులు

మద్యం గురించి అందరికీ తెలుసు, నిద్ర గురించి తెలిసింది తక్కువ. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య, మధ్యాహ్నం భోజనం తర్వాత శరీరం సహజంగానే నిద్రకు మొగ్గుతుంది. గత కొన్ని కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తు లేకపోవడం, గీత దాటి పక్కకు జరగడం, రెప్పలు బరువెక్కడం కనిపిస్తే ఆ క్షణమే ఆగవలసిన సమయం. కిటికీ తీయడం, పాటల శబ్దం పెంచడం పనిచేయవు. కాఫీ తాగి వెంటనే 15 నుంచి 20 నిమిషాలు కునుకు తీస్తే, కాఫీ ప్రభావం మొదలయ్యే వేళకు మెలకువ వస్తుంది. అయినా అది ఒకటి రెండు గంటలకు సరిపోయే ఉపాయమే గాని రాత్రి నిద్రకు బదులు కాదు. రెండు గంటలకోసారి దిగి నడవడాన్ని ప్రయాణ సమయంలోనే కలుపుకొని లెక్క వేసుకోవాలి.

మద్యం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే గరిష్ఠ పరిమితి పైన చెప్పిన 50 మిల్లీగ్రాములు, కొత్త డ్రైవర్లకూ యువతకూ 20. పరిమితి లోపల ఉంటే క్షేమమని దీని అర్థం కాదు. తీర్పు మందగించడం అంతకన్నా ముందే మొదలవుతుంది. చాలామంది పట్టించుకోనిది మర్నాటి ఉదయం. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే ఆల్కహాల్‌ను వదిలించుకుంటుంది, కాబట్టి అర్ధరాత్రి 150 ఉన్నవారికి ఉదయం ఆరు గంటలకు ఇంకా 60 దాకా మిగిలి ఉంటుంది. చన్నీటి స్నానం, కాఫీ ఆ వేగాన్ని పెంచవు. అలెర్జీకి వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, కొన్ని నొప్పి మందులు కూడా మత్తు కలిగిస్తాయి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు డ్రైవింగ్ చేయవచ్చా అని వైద్యుణ్ణి అడగాలి.

8. బెల్టు, హెల్మెట్, పిల్లల సీటు

పై జాగ్రత్తలన్నీ తప్పిపోయినా ప్రాణం నిలిపేవి ఇవి. నేడు అన్ని కార్లలో ఉన్న మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించారు, ఆ సంస్థ దాన్ని ఇతర తయారీదారులందరూ వాడుకోవడానికి అనుమతించింది. బెల్టు వల్ల మరణం ముప్పు దాదాపు సగం వరకూ తగ్గుతుంది, అయితే అది సరిగ్గా ఉండాలి: కింది పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద, పై పట్టీ మెడకు ఆనకుండా భుజం ఎముక మీదుగా పోవాలి. గర్భిణులు కింది పట్టీని పొట్టకు దిగువగా పెట్టుకోవాలి. వెనుక సీట్లో బెల్టు పెట్టుకోని మనిషి ఢీకొన్నప్పుడు ముందు సీటు మీద విరుచుకుపడి, ముందున్నవారినీ చంపగలడు. కాబట్టి అందరి బెల్టులూ పడేదాకా బండి కదలదన్నది డ్రైవరు నియమం కావాలి.

హెల్మెట్ మరణం ముప్పును సుమారు 42 శాతం, తల గాయాల ముప్పును సుమారు 69 శాతం తగ్గిస్తుందని 2008 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. పట్టీ బిగించని హెల్మెట్ తల కన్నా ముందే ఎగిరిపోతుంది. గడ్డం కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని, పైకి బాగానే కనిపించినా, మార్చేయాలి.

పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుంటే ఢీకొన్నప్పుడు ఏ చేతులూ పట్టి ఉంచలేవు. వయసు, ఎత్తులకు తగిన సీటును వెనుక భాగంలో బిగించాలి; పసిపిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు వాడాలి, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో దాన్ని ఎన్నడూ పెట్టకూడదు.

9. వాహనం

వారానికోసారి చల్లని టైర్లలో గాలి, గీతల లోతు, అన్ని దీపాలు, అద్దాలు తుడిచే వైపర్లు చూస్తే చాలు. గీతల లోతుకు చాలా దేశాల చట్టాలు పెట్టిన కనీస పరిమితి 1.6 మిల్లీమీటర్లు, వానలో నీటి పొర మీద తేలిపోయే ముప్పు అంతకన్నా ముందే పెరుగుతుంది గనుక కాస్త ముందుగానే మార్చడం తెలివైన పని.

10. జీతానికి నడిపేవారి విషయంలో

డ్రైవరు అలవాట్లను అతని కన్నా అతని పని షరతులే ఎక్కువగా తీర్చిదిద్దుతాయి. ట్రిప్పుల లెక్కన డబ్బిచ్చి, వేగపరిమితి లోపల అందుకోలేని గడువు పెట్టి, గోడ మీద భద్రతా నినాదాలు అంటించే యజమాని తాను ఏమి కోరుకుంటున్నాడో డ్రైవర్లకు స్పష్టంగానే చెబుతున్నాడు. మొదట చేయవలసింది ప్రతి దారికీ వేగపరిమితిని, విశ్రాంతిని, రద్దీని కలిపి సమయం వేయడం. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. చట్టం లేనిచోట కూడా ఈ కొలతను సంస్థ తనంతట తాను పెట్టుకోవచ్చు. రెండోది, బండి కదులుతున్నప్పుడు కార్యాలయం నుంచి డ్రైవరుకు ఎవరూ ఫోను చేయకూడదు.

మూడోది సమావేశాల తీరు. 1996లో ప్రచురితమైన స్వీడన్ అధ్యయనం ఒకటి పెద్ద సంస్థలోని డ్రైవర్లకు శిక్షణ, ప్రచారం, బహుమతి, బృంద చర్చ అనే నాలుగు పద్ధతులను పోల్చగా, ప్రమాదాలను ఎక్కువగా తగ్గించింది చర్చే. ఉపన్యాసం పెట్టకుండా, చిన్న బృందంగా కూర్చోబెట్టి, ఆ నెలలో తృటిలో తప్పిన ప్రమాదాలను చెప్పించి, ఒక్కొక్కరూ తాము మార్చుకోబోయే ఒక అలవాటును తామే ప్రకటించి, వచ్చే సమావేశంలో దాని గురించి చెప్పేలా నడిపించాలి. తప్పు ఒప్పుకున్నవారికి శిక్ష వేస్తే మర్నాటి నుంచి ఎవరూ నోరు విప్పరు. హఠాత్తు బ్రేకులను నమోదు చేసే పరికరాలు ఉంటే, వాటి లెక్కలను జరిమానాలకు కాక ఈ చర్చలకే వాడాలి.

11. ప్రమాదం జరిగాక తొలి నిమిషాలు

జర్మనీలో లైసెన్సుకు ముందు ప్రథమ చికిత్స తరగతి తప్పనిసరి, ఎందుకంటే ఘటనా స్థలంలో మొదట ఉండేది సాధారణంగా ఇంకో డ్రైవరే. ముందుగా మీ బండిని సురక్షితమైన దూరంలో ఆపి, హెచ్చరిక దీపాలు వేసి, వెనుక వచ్చేవారికి కనిపించేలా త్రికోణం పెట్టండి. తర్వాత అత్యవసర సేవలకు ఫోను చేసి స్థలాన్నీ, గాయపడినవారి సంఖ్యనూ చెప్పండి. దెబ్బతిన్న వాహనం ఇంజను ఆపేయండి. మంటలు, నీరు వంటి తక్షణ ముప్పు లేకపోతే గాయపడినవారిని బయటికి లాగకూడదు, మెడ కదిలించకూడదు. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డను గాయం మీద గట్టిగా అదిమి, అది తడిసినా తీయకుండా దాని మీదే మరొకటి పెట్టి, సాయం వచ్చేదాకా ఒత్తిడి వదలకండి. స్పృహలో ఉన్నవారికి కూడా తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఊపిరి ఆడుతున్న మోటారు సైకిలిస్టు తల నుంచి హెల్మెట్ తీయకండి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు నెమ్మదిగా తీసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో గట్టిగా నొక్కడం మొదలుపెట్టాలి.